తాడు రెండో కొస

హజరత్తయ్యది మొక్కుబడి పేరు. బిడ్డలు దక్కని తల్లి దర్గాకు మొక్కుకుంటే నిలిచిన కొడుకు. నుదుట నామం, నోట రామనామం, ఏటా గంధం పండుగకు దర్గాలో చక్కెర చదివింపు. చదివింది ఐదో తరగతి. ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పక్కనున్న జాలర్ల పాళేలకు కాలినడకన టపా మోసే ఉద్యోగం.

జాబు చేతిలో పెట్టి వెళ్లిపోవడం ఆయనకు చేతకాదు. చదవలేని వాళ్లకు చదివి వినిపించేవాడు. చావు కబురైతే ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, అప్పుడు గానీ నోరు విప్పేవాడు కాదు.

1962లో అట్ట ఊడిన డిటెక్టివు నవల ఒకటి ఆయన చేతికొచ్చింది. అందులో నేరాలు తేల్చేది పోలీసు కాదు, ఒక ప్లీడరు. మధ్యాహ్నం పాళెంవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే, టపా పంచాక రోజుకో ప్రకరణం చదివేవాడు. కథలో అందరూ మనిషి మొహం చూసి దొంగ అంటుంటే, ఆ ప్లీడరు మాత్రం వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తాడు. హజరత్తయ్యకు ఆ పద్ధతి మనసుకు పట్టింది.

"ఆ ప్లీడరు మన పాళేనికొస్తే నా పుంజును ఎవురు కోసుకు తిన్నారో తేలుద్ది" అన్నాడొకరోజు గంగులయ్య.

"ప్లీడరెందుకు బావా, నీ పెండ్లాన్నడుగు. ఆ పొద్దు మసాలా వాసన మీ ఇంట్లోంచే గదా వచ్చింది!" అంది అదే పాళెంలోని పోలేరయ్య భార్య మాలకొండమ్మ. అంతా గొల్లుమన్నారు.

నవల సగంలో ఉండగా గంగులయ్య వల పోయింది. ఉప్పుటేటిలో కొయ్యకు కట్టిన వల తెల్లారేసరికి లేదు. నాలుగో రోజు అది పోలేరయ్య దడి మీద కనిపించింది, చినిగిన చోటల్లా కొత్త దారంతో అల్లి. నీళ్లలో కొట్టుకొస్తుంటే పట్టుకున్నానన్నాడు పోలేరయ్య. ఎవరు నమ్ముతారు? ఎవరు బాగుచేసుకుంటే వల వాళ్లదని ఆ తీరంలో లెక్క. పరాయి వలకు తన దారం పోసేవాడు ఎక్కడుంటాడు?

హజరత్తయ్య టపాతో వెళ్లేసరికి పాళేనికి పెద్ద, పెద్దకాపు రమణయ్య తీర్పు చెప్పబోతున్నాడు. ఇక పోలేరయ్యను ఎవరూ పడవ ఎక్కించుకోకూడదు. పడవ లేకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. మాలకొండమ్మ కొంగు నోట కుక్కుకుని నిలబడి ఉంది.

"పెద్దకాపూ, ఒక్క మాట" అన్నాడు హజరత్తయ్య. "ఈ వల తాడు ఒక కొస ఈడుంది, నీళ్లలో నలిగి పీచైంది, దీంతో ఏం తేలదు. రెండో కొస యాడుండాది?"

"కొయ్యకే ఉంటుంది. దాంతో పనేంది?"

"కత్తితో కోసినాడా, అదే తెగిందా? ఎవురన్నా చూసినారా?"

ఎవరూ చూడలేదు. తాడు కట్టిన చోటు పోటు నీళ్లలో మునిగి ఉంది. వల లేదని తల బాదుకుంటూ వచ్చేసిన గంగులయ్యకు మళ్లీ వెళ్లి చూడాలనే తోచలేదు.

"ఏందన్నా, పుస్తకం చదివి ప్లీడరువైపోయినావా?" అన్నాడు గంగులయ్య ఎత్తిపొడుపుగా.

"నేనేం ప్లీడర్ని అబ్బయా! నీళ్లు తీసేదాకా ఆగమంటున్నా, అంతే."

పైకి అలా అన్నాడు గానీ ఆయనకు లోపల భయంగానే ఉంది. ఆ కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే, పోలేరయ్య బతుకు తన నోటితోనే తెల్లారుతుంది. నీళ్లు తీసేదాకా రాముణ్ణి తలుచుకుంటూ గట్టునే కూర్చున్నాడు.

పాటొచ్చి నీళ్లు తీశాక మోకాటి లోతు బురదలో దిగారు. కొయ్య నిండా ఆలిచిప్పలు, ముట్టుకుంటే తెగే అంచులతో. వాటి నడుమ మిగిలిన తాడు ముక్కను రమణయ్య వేళ్లతో విప్పి చూశాడు. కొస పీచుపీచుగా విడిపోయి ఉంది. పీచులో చిప్పల పెంకులు. వల మీది కొసా అంతే. ఆటుపోట్లకు చిప్పల మీద రాసుకుని రాసుకుని తెగిన తాడది.

"కోసింది కాదు. పోలేరయ్య మీద మాట లేదు" అన్నాడు రమణయ్య. "ఏరా, దొరికిందని ఆ పొద్దే చెప్పొచ్చు గదా?"

పోలేరయ్య తల వంచుకున్నాడు. "చినిగిపోయిన వల చేతిలో పెడితే గంగులన్న కుమిలిపోతాడని... బాగుచేసి ఇద్దామనుకున్నా. ఇంకో మూర మిగిలుండాది."

నవల్లో ప్లీడరుకు దొరికేది నేరస్థుడు. తనకు ఇలాంటి మనిషిని చూపించినందుకు హజరత్తయ్య దేవుడికి దండం పెట్టుకున్నాడు.

గట్టెక్కాక గంగులయ్య నేరుగా పోలేరయ్య దడి దగ్గరికి నడిచి, వల దించి, చినుగు మిగిలిన చోటు వెతికి అంచులు బిగించి పట్టుకున్నాడు.

"ఊఁ, అల్లు. రేపు నా పడవలోనే పోదాం" అన్నాడు.