రెండుసార్లు మోగిన ఇనుము

ఆ అట్ట మీద ఆరు నియమాలు ఉండేవి. మొదటి ఐదూ నేను ఆలోచించి రాసినవి. ఆరోది నా చేత ఒకాయన రాయించినది. దాని సంగతి చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్ళకు నేను ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా ఉన్నాను. మాది మెట్‌పల్లి వైపు. మిల్లులో అందరూ నన్ను మున్షీ అనేవారు. గోదాముల తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి. ఇనుప కడియానికి గుచ్చిన ఆ తాళంచెవుల గుత్తి చేతిలో లేకుండా నన్ను చూసినవాళ్ళు తక్కువ.

వానాకాలమంతా మిల్లు ఆగి ఉంటుంది. దసరా దాటితేగాని పత్తి రాదు. ఆ నెలల్లో మిషన్లు విప్పి తుడవడానికి, బెల్టులు కుట్టడానికి కొందరిని ఉంచుకునేవారు. మా మిస్త్రీ అంతకుముందు బొగ్గు గనుల వైపు ఒక క్లబ్బులో పనిచేసి వచ్చినవాడు. అక్కడ దొరలు బంతి దొర్లించి చెక్క గుంజలను పడగొట్టే ఆట ఆడేవారట. ఆయన మా వడ్రంగి చేత తొమ్మిది గుంజలు, ఒక తుమ్మకర్ర బంతి చేయించాడు. షెడ్డులో మిషన్ల వరుసకు, గోడకు మధ్య పొడుగ్గా నున్నటి గచ్చు ఉండేది. ఆట అక్కడ మొదలైంది. తొమ్మిది గుంజలాట అని పేరు కూడా పడింది.

కొత్తలో రోజూ జగడమే. ఒకడు బంతి వదలబోతుంటే ఇంకొకడు అడ్డంగా నడిచేవాడు, వెనక నుంచి ఎవడో తుమ్మేవాడు. ఒకరోజు ఇద్దరు అంగీలు పట్టుకున్నారు. మిస్త్రీ నన్ను పిలిచి, "మున్షీసాబ్, నువ్వు రాసేటోనివి. జర ఆటకు కాయిదా రాసి పెట్టు" అన్నాడు.

రెండు రోజులు అందరూ ఆడేది చూసి రాశాను. సుద్దగీత దాటి అడుగు వేయకూడదు. గుంజలు నిలబెట్టినవాడు పక్కకు జరిగి చెయ్యెత్తేదాకా బంతి లేపకూడదు. బంతి నేల మీద ఉన్నంతసేపు ఎవరు ఏమైనా అనవచ్చు, చేతిలోకి లేచాక దగ్గు వచ్చినా మింగాలి. చప్పుడు వల్ల బంతి చెడితే, దొర్లించినవాడు తానే నోరు తెరిచి అడిగితే మళ్ళీ బంతి ఇవ్వాలి, అతని తరఫున ఇంకొకరు అడగకూడదు. తగువు వస్తే మున్షీ మాటే ఆఖరు. ఈ ఐదింటినీ ఒక అట్ట మీద గుండ్రని అక్షరాలతో రాసి స్తంభానికి కట్టాను. ఆ అట్టను చూసుకుని నాకు కొంత గర్వంగా ఉండేది.

నేను రోజూ రాసుకునే డైరీలో కూడా ఆట కోసం ఒక పుట పెట్టాను. ఎవరి బంతి దేనివల్ల చెడుతుందో అందులో రాసుకునేవాణ్ణి. ఒకడిది నవ్వు వల్ల చెడుతుంది. ఒకడిది ఎవరైనా తన చేతికేసి చూస్తే చెడుతుంది. మిస్త్రీ బంతి గచ్చు మీద ఎండ పడితే చెడుతుంది, నీడలో చెడదు. ఎందుకు రాశానంటే, ప్రతిదీ రాయడం నా అలవాటు. ఆ పుట చెడ్డ పనికి ఉపయోగపడుతుందని రాసేటప్పుడు అనుకోలేదు.

ఆ పుటలో దాదా పేరు కింద చాలాకాలం ఏమీ లేదు. దాదా గింజ తీసే జిన్ను మిషన్‌లోకి పత్తి తోసే మనిషి. వయసు నలభై ఐదు ఉంటుంది. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే పల్లె నుంచి వచ్చాడు. పెద్దవాడని అందరూ దాదా అనేవారు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. బంతి పట్టుకునే ముందు చెయ్యి ధోతికి తుడుచుకుని, నడిమి గుంజకేసి చూసి, ఒక ఊపిరి నిదానంగా వదిలేవాడు. చుట్టూ గోల అయితే బంతిని కింద పెట్టి, అది ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. కోపం మాత్రం ఉండేది కాదు.

"ఏం దాదా, గంత సేపు పట్టుకుంటివి, బంతి గుడ్డు పెడ్తదా?" అనేవాడు ఎవడో.

"పెట్టినంక నీకే కూరొండిపిస్త తియ్యి. జర ఆగు."

"గుంజలు నిన్ను చూసి భయపడ్తలేవు దాదా."

"మీ ఇంట్ల నిన్ను చూసి ఎవలన్న భయపడ్తరా? అయినా పోతలేవా ఇంటికి?"

అందరూ నవ్వేవారు. అప్పుడు బంతి లేపేవాడు. ఇక పిడుగు పడినా ఆయన చెయ్యి వణకదు అనుకునేవాణ్ణి. ఒకే ఒక్కసారి వణికింది. ఒకరోజు ఆయన బంతి లేపిన క్షణాన, అవతల బెల్టు బిగిస్తున్నవాడు స్తంభానికి వేలాడే రైలుపట్టా ముక్కకు పానాతో రెండు దెబ్బలు తగిలించాడు. దాదా చెయ్యి వెనక్కి ఎగిరింది. బంతి గోడకు పోయింది. ఆ రాత్రి డైరీలో ఆయన పేరు కింద, "ఇనుము" అని రాశాను.

ఆ ఇనుము సంగతి మిల్లువాళ్ళకే తెలుసు. సీజనులో మిషన్లన్నీ నడిచేటప్పుడు షెడ్డులో మనిషి అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే ఆ పట్టాముక్క. వెంటవెంటనే రెండు దెబ్బలు మోగితే, చెయ్యి తియ్యి అని అర్థం. ఎందుకని అడగకూడదు, తిరిగి చూడకూడదు. రోలర్ల దగ్గర నుంచి చెయ్యి ముందు రావాలి, తల తర్వాత తిరగాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు దాదాయే ఇది నేర్పేవాడు. తన సగం వేలు చూపించి, "ఇది నేర్వకముందు పోయింది" అనేవాడు.

ఆ ఏడు దసరా ముందు, తలుపు దగ్గరి మిషన్ మీద పనిచేసే మనిషి ఊరికి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర గాలి ఆడుతుంది. షెడ్డు చివరి మూలలో మాత్రం దూది నుసి పొగలా నిలిచి ఉంటుంది. దాదా రెండేళ్ళుగా ఆ మూలనే ఉన్నాడు. వానాకాలంలో కూడా దగ్గు పోవడం లేదు. తలుపు మిషన్ ఆయనకు రావాలని అందరికీ తెలుసు. కానీ ఆ నెలలోనే నా భార్య తమ్ముణ్ణి నేను మిల్లులో చేర్పించాను. వాడు కూడా అదే అడిగాడు. ఒక మిషన్ ఇద్దరు అడిగితే, మిషన్ల పూజనాడు మూడేసి బంతులు దొర్లించి తేల్చడం అప్పటికే ఆచారమైపోయింది. ఓడినవాడు మూలకు పోవాలి. సీజను అయ్యేదాకా చోటు మార్చరు.

ముందురోజు సాయంత్రం నా భార్య అన్నం పెడుతూ, "వాడు గా మూలకు కూసుంటే ఏడాది తిరక్కుండ దగ్గుకుంట ఇంటికొస్తడు. మా అవ్వకు నేనేం జవాబు చెప్పాలె? నువ్వు మున్షీవి గదా, ఒక్క మాట చెప్పరాదా?" అంది.

"ఆటల నా మాట నడువది" అన్నాను.

"మరి గా అట్ట రాసిందెవలు?"

ఆమె అడిగినది తప్పు కాదు. తమ్ముడి కోసం అక్క అడిగింది. తరవాత జరిగినదానిలో ఆమెకు భాగం లేదు.

పూజ అయింది, కొబ్బరికాయలు కొట్టారు. అందరూ గచ్చుకు రెండు వైపులా నిలబడ్డారు. నేను నా చోట, అట్ట కట్టిన స్తంభం పక్కన. పట్టాముక్క వేలాడేది కూడా అదే స్తంభానికి. బామ్మర్ది మూడు బంతుల్లో పద్దెనిమిది గుంజలు పడగొట్టాడు. వాడికది ఎక్కువే. దాదా మొదటి బంతికి ఎనిమిది పడ్డాయి, రెండోదానికి ఎనిమిది. ఇంకొక్క బంతి ఉంది. మూడు గుంజలు పడితే తలుపు మిషన్ ఆయనది. మూడు గుంజలు దాదా కళ్ళు మూసుకుని కూడా పడగొడతాడు.

"దాదా, తలుపు కాడ కూసున్నంక మమ్ములను లోపటికి రానిస్తవా?" అన్నాడొకడు.

"కాళ్ళు తుడుసుకోని రా" అన్నాడు దాదా. నవ్వులు ఆగాయి. ఆయన చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. ఊపిరి వదిలాడు. బంతి లేచింది.

నేను తాళంచెవుల గుత్తితో పట్టాముక్కను కొట్టాను. రెండుసార్లు.

ఆయన చెయ్యి వెనక్కి ఎగిరింది. బంతి వేళ్ళ నుంచి జారి, గోడ పక్కగా దొర్లుకుంటూ పోయి చివరి గుంజను ఒక్కదాన్ని తాకింది. అది కొంచెంసేపు ఊగి పడింది. పదిహేడు.

మిస్త్రీ, "దాదా, మల్ల బంతి అడుగు" అన్నాడు. కాయిదా ప్రకారం ఆయనే అడగాలి. మిస్త్రీ అన్నది కూడా నియమం తప్పడమే, కాని నేను ఏ ముఖంతో ఆ మాట అనగలను?

దాదా తన చేతిని చూసుకున్నాడు. "ఎందుకడగాలె? ఇనుము మోగింది, చెయ్యి తీసిన. మోగితే తియ్యాలె గదా. దానికి నేనే తప్పు పట్టి మల్ల బంతి అడిగితే, రేపు షెడ్డుల ఒక్కడన్న చెయ్యి తీస్తడా?"

"ఏమైంది మున్షీసాబ్?" అని మిస్త్రీ నావైపు తిరిగాడు.

"తాళాలు తగిలినయి" అన్నాను.

ఒకసారి తగిలితే అది పొరపాటు. రెండు దెబ్బలు వెంటవెంటనే తగలవు. అక్కడున్న ప్రతి మనిషీ రెండు విన్నాడు. ఆఖరు మాట నాదే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. దాదా గుంజలు తానే ఏరి మూలకు పెట్టి వెళ్ళిపోయాడు.

బామ్మర్ది, నేను కలిసి ఇంటికి నడిచాం. ఇల్లు కనిపించాక, "బావా, తాళాలు రెండుసార్లు తగుల్తయా?" అని అడిగాడు. నేను వినపడనట్టు నడిచాను. ఆ రాత్రి డైరీలో రెండు పేర్లు, రెండు లెక్కలు రాసి, కింద "తాళాలు తగిలినవి" అని రాశాను. తగిలించినవాడెవడో రాయలేదు.

సీజను మొదలైన వారానికి దాదా ఆఫీసు గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. జుట్టంతా నుసి. చేతిలో నా అట్ట.

"మున్షీ, దీని మీద ఇంకో మాట రాయాలె."

"ఏం రాయాలె దాదా?"

"నిన్న పొద్దున ఇద్దరు పోరగాండ్లు గా పట్టాను రెండు దెబ్బలు కొట్టి నవ్విండ్రు. అందరు చేతులు తీసిండ్రు. ఎందుకు కొట్టిండ్రురా అంటే, ఆటకు అన్నరు. మల్ల మాపటికి మిస్త్రీ నిజంగనే కొట్టిండు. ముగ్గురు చెయ్యి తియ్యలే. నవ్వుకుంట నా దిక్కు చూసిండ్రు." కొంచెం దగ్గి ఆగాడు. "ఎవలకేం కాలే. బెల్టు ఊడింది, అంతే. రాయి, ఇనుము ఆటకు కొట్టొద్దు అని."

నేను కలం తీశాను. పాళీ మీద సిరా ఆరిపోతోంది. "దాదా, ఆనాడు..." అన్నాను.

"రాయి మున్షీ" అన్నాడు. కోపంగా అనలేదు. ఎదురుచూస్తున్నవాడిలా అన్నాడు.

ఆరో నియమం రాశాను. మొదటి ఐదింటి కన్నా ఆ అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆయన చదవలేడు. అయినా అట్టను వెలుగులోకి పట్టుకుని చూసి, "పెద్దగ రాసినవా?" అని అడిగాడు. రాశానన్నాను. పట్టుకెళ్ళి స్తంభానికి తానే కట్టాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ తర్వాత కూడా ఒక అవకాశం వచ్చింది. నెలన్నర తిరగకుండానే బామ్మర్ది పని మానేసి జమ్మికుంట మార్కెట్ యార్డుకు వెళ్ళిపోయాడు. "గా మిషన్ కాడ కూసుంటే నాకు మంచిగనిపిస్తలేదు బావా" అన్నాడు, అంతకు మించి చెప్పలేదు. తలుపు మిషన్ ఖాళీ అయింది. సీజను మధ్యలో చోటు మార్చరన్న ఆచారం వల్ల కొత్తగా వచ్చిన ఒకామెను అక్కడ పెట్టారు. ఆట చెల్లదు, తప్పు నాది అని మిస్త్రీకి ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ చోటు దాదాకు వచ్చేది. ఆచారం అడ్డురాదు, ఎందుకంటే ఆటే చెల్లనప్పుడు ఆ చోటు మొదటినుంచీ ఆయనదే. ఈ తర్కం నాకు అప్పుడే తోచింది. రెండు రోజులు దానిని మనసులో తిప్పాను. మూడో రోజు పత్తి బండ్లు ఎక్కువ వచ్చాయని చెప్పుకుని మానేశాను. మున్షీ మాట ఆఖరు అని రాసుకున్నవాణ్ణి, ఆ మాట అబద్ధమని పదిమందిలో ఒప్పుకోలేకపోయాను. అంతకన్నా వేరే కారణం లేదు.

నా గదికి, షెడ్డు మూలకు మధ్య ఒక్క గోడే. మధ్యాహ్నం మిషన్లు ఆపిన గంటలో ఆ గోడ అవతల దగ్గు వినపడేది. ఆ గంటలో నేను బయట తిరిగి వచ్చేవాణ్ణి. తరువాతి దసరాకు దాదా రాలేదు. ఊళ్ళో పశువులు కాస్తున్నాడని, ఎక్కువ దూరం నడవలేకపోతున్నాడని ఆ వైపు నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. ఏ ఊరో అడిగాను. అతను చెప్పాడు. నేను వెళ్ళలేదు.

పాత పుటను దిద్దకూడదనేది డైరీ మొదలుపెట్టిన నాడే పెట్టుకున్న నియమం. ఇన్నేళ్ళలో దాన్ని తప్పలేదు. అందుకని ఆ పుటలో "తాళాలు తగిలినవి" అనే ఉంది, అలాగే ఉంటుంది. అందువల్ల ఇక్కడ వేరుగా రాస్తున్నాను. తాళాలు తగలలేదు. నేను కొట్టాను. దాదా బంతి లేచిందని చూసి, రెండు దెబ్బలకు ఆయన చెయ్యి తీస్తాడని తెలిసి కొట్టాను.