బూజు దులపని ఇల్లు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు. "లేదు సార్" అన్నాను, అంతే. కానీ అది నాతోనే లేస్తుంది, నాతోనే అన్నం తింటుంది, చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్కటే మనవి. మధ్యలో "పోనీలెండి, కావాలని చేశారా ఏంటి" అనకండి. ఆ మాట నాకు నేనే వెయ్యిసార్లు చెప్పుకున్నాను. పని చేయలేదు.

మా ఇల్లు సికింద్రాబాద్‌లో, తిరుమలగిరి దగ్గర. అప్పట్లో ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య సుగుణ, ఆమె అక్క రూతు వదిన. వదిన పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరై మాతోనే ఉండేది. ఆమెకి ఉబ్బసం. పీల్చే మందు ఎప్పుడూ దిండు కిందే ఉండేది. నోరు మాత్రం భలే ఆరోగ్యంగా ఉండేది. నేను ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో చెక్క పని చేసేవాణ్ని. చేసిన ప్రతిదానికీ ఆమె ఒక వంక పెట్టేది. "ఈయన చేసిన స్టూలు మీద కూసోవాలంటే ముందు ప్రార్థన చేసుకోవాలె" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం మండేది.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. రోజు విడిచి రోజు బందులు. ఆ ఏడు కోత పండుగ దగ్గరికొచ్చింది. మా చర్చిలో కోత పండుగంటే ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి పీఠం ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పట్నంలో ఉన్నవాళ్లం, మాకు పొలాలెక్కడివి? బోయిన్‌పల్లి మార్కెట్లో గుమ్మడికాయ కొని తెచ్చి దేవుడి ముందు పెట్టేవాళ్లం. ఈసారి అలా కాదనుకున్నాను. నా చేతుల్తో చేసిందే నా పంట అనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఒక వీడియో చూశాను. రెండు చెక్కల మధ్య సందు వదిలి, అందులో నీలం రంగు కలిపిన రెసిన్, అంటే గట్టిపడితే గాజులా మారే జిగురు, పోస్తే మధ్యలో నది పారుతున్నట్టుండే టేబుల్ వస్తుంది. అది చేసి వేలంలో పెడతానని పాస్టరుగారి దగ్గర, క్వయర్ వాళ్ల దగ్గర గొప్పగా చెప్పేశాను. వదిన విని, "నదా? మన బోరుల నీళ్లు లేవు గానీ" అంది.

మామిడి చెక్కలు తెచ్చి చిత్రిక పట్టి, అంచులు మాత్రం బెరడు వంపు పోకుండా అలాగే ఉంచాను. అడుగున ప్లైవుడ్ పెట్టి, రెసిన్ కారకుండా చుట్టూ టేపు అంటించాను. ఇంతవరకు బాగానే చేశాను. కానీ బందుల వల్ల రెసిన్ దొరికేసరికి శుక్రవారం అయింది. పండుగేమో ఆదివారం. డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంది. రెసిన్, గట్టిపరిచే ద్రవం తూకం వేసి కలపాలి, పల్చగా ఒక పొర పోసి, అది గట్టిపడ్డాక ఇంకో పొర పోయాలి, లేకపోతే వేడెక్కి పొగ చిమ్ముతుంది. అలా చేస్తే మూడు రోజులు. నా దగ్గర ఒక్క రోజు. ఫైబర్ తలుపులు చేసేవాళ్లు త్వరగా బిగియాలంటే గట్టిపరిచే మందు నాలుగు చుక్కలు ఎక్కువ వేయడం చూశాను. ఇదీ అంతే అనుకున్నాను. ఆ సరుకు వేరు, ఈ సరుకు వేరు. అది నాకు తెలియదని చెప్పను. డబ్బా మీద ఉంది. చదివాను. చదివి పక్కన పెట్టాను.

శనివారం పొద్దున సుగుణ పండుగకని ఇల్లంతా బూజు దులిపింది. వదిన హాల్లోనే కూర్చుని ఉంది. రెండుసార్లు తుమ్మింది, టీ అడిగింది, మామూలుగానే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. మూడింటికి సుగుణ చర్చి అలంకరణకి వెళ్లింది. నేను వదిన గదికి ఆనుకున్న వరండా గదిలో రెసిన్ కలిపాను. గట్టిపరిచే ద్రవం ఎక్కువ వేశాను, మొత్తం లోతు ఒకేసారి పోశాను. తడి రెసిన్ మీద దుమ్ము పడితే, ఒక్క దోమ వాలినా, అలాగే ఉండిపోతుంది. అందుకని కిటికీలన్నీ మూశాను, బయటి తలుపు దగ్గరికి వేశాను. వదిన గదికీ ఈ గదికీ మధ్య తలుపు మీద వెంటిలేటర్ ఉంది. దానికి అద్దం లేదు. వదిన గదికి వేరే కిటికీ లేదు, గాలి రావాలంటే ఈ గదిలోంచే.

పావుగంటకి వేడెక్కడం మొదలైంది. కలిపిన మగ్గులో మిగిలిన కొంచెం ముందు పొగ చిమ్మింది. తర్వాత టేబుల్ మధ్యలో. ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. అప్పుడు తలుపు అవతల నుంచి వదిన గొంతు.

"ఏందయ్యా ఈ వాసన? గొంతు పట్టేసింది. జెర కిటికీ తెరువు."

"దుమ్ము పడ్తది వదినా. ఒక్క గంట ఆగు."

"గంటనా? దమ్ము ఆడ్తలేదు నాకు."

"ఊకె నాటకాలు చెయ్యకు వదినా. జెర ఓపిక పట్టు."

ఆమె ఇంకేమీ అనలేదు. నోరు తెరిస్తే వంద మాటలనే మనిషి ఊరుకుంది. గెలిచాననుకున్నాను. ఇంకోటి చెప్పాలి. దీన్ని రాయకుండా దాటేద్దామని ఇందాక పెన్ను పక్కన పెట్టి లేచాను కూడా. నాకు కళ్లు మండుతున్నాయని నేను ఆవరణలోకి వెళ్లి నిలబడ్డాను. అవును. నేను గాలి కోసం బయటికొచ్చి, ఆమెని లోపల ఓపిక పట్టమన్నాను. ఎంతసేపు నిలబడ్డాను? పది నిమిషాలు? ఇరవై? ఆదివారం వేలంలో ఎవరు ఎంత మెచ్చుకుంటారో తలుచుకుంటూ నిలబడ్డాను. ఛీ.

లోపలికి వెళ్లేసరికి వదిన మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. పీల్చే మందు ఒళ్లో పడి ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆమె నా చొక్కా పట్టుకునే ఉంది. ఆసుపత్రి నుంచే చర్చికి ఫోన్ చేయించాను. సుగుణ నేరుగా అక్కడికే వచ్చింది.

డాక్టరు బయటికొచ్చి మా ఇద్దర్నీ అడిగాడు. ఇంట్లో ఏమన్నా పెయింటింగ్ గిట్ల నడుస్తోందా, కెమికల్ వాసన, పొగ, ఏమన్నా పీల్చిందా అని. నేను నోరు తెరిచే లోపలే సుగుణ ఏడుస్తూ అందుకుంది. "నేనే సార్. పొద్దున బూజు దులిపిన. అక్క అక్కడ్నే కూసుంది. లేపి బయట కూసోబెట్టాలె, యాదికి రాలే." డాక్టరు తలూపి నా వైపు తిరిగాడు. అంతేనా, ఇంకేమన్నా ఉందా అన్నాడు.

"లేదు సార్" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? ఉంది. సుగుణ ముందు ముఖం చెల్లకపోవడమా? అదీ ఉంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు అన్నిటికంటే ముందు కలిగింది తేలిక. ఎవరో నా బరువు ఎత్తుకున్నారు, నేను ఎత్తుకోనిచ్చాను. బట్టలు తెస్తానని ఇంటికొచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచాను, మగ్గు తీసుకెళ్లి దూరంగా పారేశాను, సుగుణకి ఘాటు తెలియకుండా ఫినాయిల్ పోసి గది కడిగాను.

వదిన మూడో రోజు పోయింది.

నిజం చెప్పి ఉంటే వైద్యం మారేదా? బతికేదా? ఏ డాక్టర్నయినా అడిగితే తెలిసేది. తెలుస్తుందనే అడగలేదు.

అప్పటి నుంచి సుగుణ ఇంట్లో బూజు దులపదు. దులిపే కర్రని తనే విరిచి పొయ్యిలో పెట్టింది. మూలల్లో సాలీళ్లు తరాలుగా కాపురం చేస్తున్నాయి. చుట్టాలొచ్చి పైకి చూసి చూపు దించుకుంటారు. ఒకసారి ఆడవాళ్ల ప్రార్థన కూటంలో సుగుణ లేచి నిలబడి, "మా అక్క నా చేతుల పోయింది, నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అని అడిగిందట. ఆ మాట నాకు చెబుతూ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. "నీ తప్పేం లేదు" అన్నాను. అది మాత్రం నిజమే, నేను ఆ ఇంట్లో చెప్పిన ఒకే ఒక్క నిజం. ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? తప్పు ఎవరిదో చెప్పలేదు కదా.

ఆ టేబుల్ వేలానికి పోలేదు. నడుమ పగిలింది. నీలం నది మధ్యలో మాడిన పాకంలాంటి పసుపు గడ్డ, దాని నిండా బుడగలు. పారేద్దామంటే సుగుణ ఒప్పుకోలేదు. అక్క ఉండగా చేసిన ఆఖరి వస్తువు అంది. లేసు గుడ్డ పరిచి, దాని మీద వదిన ఫోటో, వదిన బైబిలు పెట్టింది. రోజూ తెల్లవారుజామున అక్కడే కూర్చుని చదువుకుంటుంది, క్షమించమని అడుగుతుంది. నేను పక్క గదిలో కళ్లు మూసుకుని వింటాను. ఎండాకాలం మధ్యాహ్నాలు కిటికీ మూసి ఉంటే ఆ ఘాటు నాకు ఇప్పటికీ వస్తుంది. సుగుణకి రాదు. ఎన్నోసార్లు అడిగాను.

ఈ నెలలో సుగుణకి దగ్గు మొదలైంది. డాక్టరు పరీక్ష చేసి, ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోమన్నాడు. ఇంటికొచ్చి బూజు దులుపుతానని కొత్త కర్ర తెచ్చాను. సుగుణ నా చేయి పట్టుకుని ఆపేసింది. "వద్దు. ఆమెకు నేను చేసిందే నాకూ జరగనీ" అంది. కర్ర గోడకి ఆనించి కాగితాలు వెతుక్కున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ టేబుల్ మీదే, గుడ్డ తీసేసి, ఆ పసుపు గడ్డ పక్కన కాగితం పెట్టుకుని రాస్తున్నాను. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి ఫోటోలో ఉంది, ఇంకో మనిషి వంటింట్లో దగ్గుతోంది. ఎవరో తెలియని మీకని మొదలుపెట్టాను గానీ, రాయడం అయ్యాక ఈ కాగితాలు వదిన బైబిల్లో పెడతాను. రేపు తెల్లవారుజామున సుగుణ తెరుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు.

ఉంది, డాక్టరుగారూ. ఆ రోజు మా ఇంట్లో పొగ ఉంది. కిటికీ తెరవమని ఆమె అడిగింది. నేను తెరవలేదు.