మెట్లకు బొట్లు

చెరువు ఒడ్డున కొండ మీదికి కొత్తగా వేసిన నడకదారిలో మా అమ్మాయి ముందు నడుస్తోంది. నేను మళ్లీ ఆగి, వంగి, షూ లేసు కట్టుకుంటున్నాను. నిజానికి లేసు ఊడలేదు. ఊపిరే అందడం లేదు. వంగినప్పుడు తడిరాతి వాసన తగిలింది. కోరుకొండ మెట్ల దగ్గరా ఇదే వాసన.

నాన్నమ్మ అక్కడి నరసింహస్వామికి మెట్లపూజ మొక్కుకుంది. కింది నుంచి గుడిదాకా ప్రతి మెట్టునూ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాలి. అప్పుడు నేను రెండో క్లాసు. నిచ్చెనలా నిటారుగా ఉన్న ఆ కొండెక్కుతూ నాన్నమ్మ బొట్టు పెట్టాక కూడా లేచేది కాదు. చెయ్యి మోకాలి మీద ఆన్చి, కళ్లు మూసుకుని ఉండిపోయేది. స్వామితో మాట్లాడుతోందనుకున్నాను. ఎండ ముదురుతోంది, నాకేమో ఆకలి.

"నువ్వు మెల్లగా రా నాన్నమ్మా, నేను పెట్టేస్తాను" అని చెంబూ పసుపు కుంకుమల పళ్లెమూ లాక్కుని పైకి పరుగెత్తాను. పైమెట్టు దాకా పూర్తిచేసి మళ్లీ కిందికి దిగి వస్తే, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అన్నీ పెట్టేశావా తల్లీ? ఒక్కటీ మిగల్చలేదూ?" అంది.

మెచ్చుకుందనుకున్నాను.

"ఎన్నిసార్లు ఊడుతుందమ్మా ఇది?" అంటూ మా అమ్మాయి వెనక్కి వచ్చింది. నా కాళ్ల దగ్గర కూర్చుని, రెండు లేసులకూ రెండేసి ముళ్లు వేసి బిగించింది.

"ఇంక ఊడవులే. పద."