పద్యాలు విన్న మక్కజొన్న

మిత్రులారా, నా పాండిత్యం ఈ నెలలో మా పెరటి మక్కజొన్నను ఆకలితో మాడ్చింది. ఎట్లాగో వినండి.

మా ఇల్లాలు గతించిన పిదప ఇబ్రహీంపట్నంలోని మా ఇంటి అరుగుపై ఎవరూ కూర్చోవడం లేదు. ఆమె వానాకాలపు సాయంకాలాల్లో కుంపటిపై మక్కకంకులు కాల్చేది. ఆ కమ్మని వాసనకే వాడకట్టంతా చేరేది. నేనూ అదే ఉపాయం పన్నాను. కంకులుంటే మనుషులు వస్తారు.

వంటింటి కిటికీకి నిరుటి కంకులు వేలాడుతున్నాయి. జల్లు తగిలి కొన్ని గింజలకు లేత గులాబి ఛాయ వచ్చింది. ఆహా, ఉషఃకాంతి! ఆ శోభకు మురిసి, ఏరి ఏరి వాటినే నాటాను.

మొలిచాయి. ప్రతి ఉదయం వాటి ఎదుట పీట వేసుకొని పద్యాలు చదివేవాణ్ణి. మధ్యలో లేచి వెళ్ళని శ్రోతలు దొరకడం సామాన్యమా? కొన్నాళ్ళకు ఆకుల అంచులు ఊదారంగు తిరిగాయి. నెమలికంఠపు నిగనిగలనుకొని ఒక సీసపద్యం కట్టాను. మొక్కలు మాత్రం మోకాలెత్తు దాటలేదు. ఆకలి కాబోలునని యూరియా వేశాను. మరింత పాలిపోయాయి. మళ్ళీ వేశాను.

పక్కింటి యాదమ్మ కూతురు స్వప్న వ్యవసాయ డిగ్రీ చదువుతున్నది. గోడ మీదుగా చూసి, లోపలికి వచ్చి, ఒక మొక్క పీకింది. వేరు గోధుమరంగున మెత్తబడి ఉంది. పీచువేర్లు దాదాపు లేవు. విత్తనం ఎక్కడిదంటే సగర్వంగా ఉషఃకాంతి కథ చెప్పాను.

"గదేం కాంతి కాదు సారూ, బూజు," అన్నది. ఆ బూజు విషం వదులుతుందట. వేరు దెబ్బతిని, మట్టిలో ఉన్న భాస్వరం, నత్రజని పైకి అందవట. నేను మెచ్చిన ఊదారంగు ఆ లేమికే గుర్తట.

"బువ్వ ముందట వెట్టి నోరు కట్టేసినట్టున్నది. మీరేమో ఇంకింత వడ్డిస్తున్రు."

అన్నీ పీకి కాల్చేయమన్నది. కాల్చాను. కంకుల వాసన రాలేదు. పొగకు మాత్రం యాదమ్మ వచ్చింది; దగ్గుతూ, ఏం కాలుతున్నదని అడిగి, అరుగు ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు స్వప్న గోడ మీదుగా అడిగింది: "ఒక్క మొక్క విడిచిపెట్టిన్రేంది సారూ?"

సీసం కింది తేటగీతి ఇంకా వినిపించలేదు. వేర్లు చెడినా, పాపం, అదొక్కటే లేచి వెళ్ళలేదు.