రెండు చుక్కలు, ముప్పై ఒక్క పాటలు

2002 డిసెంబరు 12, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు: నా డైరీలో ఈ పంక్తి కింద ఎర్రగీత ఉంది. ఇతరులు రాసిన ప్రోగ్రాములో నాలుగు లైన్లు తగ్గించడమే ప్రతిభ అని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. సుచిత్ర చౌరస్తాలో హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. అక్కడ అందరికీ అక్క అయిన మా సీనియరు, పాత ఫైళ్లను వెతికి తీసేసే ఒక చిన్న ప్రోగ్రామును సీ భాషలో రాసింది. ఫోల్డరులో మరో ఫోల్డరు కనిపిస్తే, ఫంక్షను తనను తానే మళ్లీ పిలుచుకొని అందులోకీ దిగుతుంది. లెక్కపెట్టడానికి, జాబితా వేయడానికి, తీసేయడానికి వేర్వేరుగా, ఫోల్డర్లలోకి దిగే ఒకే నడకను మూడుచోట్ల రాయడం నాకు కంటినలుసైంది. మూడింటినీ ఒకటి చేయడానికి కూర్చున్నాను.

“పని జేస్తాంది గదా తమ్మీ, ఎందుకు కెలుకుతవ్?” అంది అక్క.

“సాఫ్ జేస్తున్న అక్కా,” అన్నాను. (ఆ సాయంత్రం నుంచి ఆఫీసులో నా పేరు సాఫ్.)

ప్రతి ఫోల్డరు జాబితాలోనూ రెండు వింత పేర్లుంటాయి. ఒక చుక్క అంటే ఆ ఫోల్డరే. రెండు చుక్కలంటే దానికి పై ఫోల్డరు (మేము దాన్ని ‘నాయిన’ అనేవాళ్లం). కిందికి దిగే ప్రోగ్రాము ఈ రెంటినీ వదిలేయాలి. అందుకే అక్క ఒక్కోదానికి ఒకటి చొప్పున రెండు తనిఖీలు రాసింది. ఒకే తనిఖీ పొరపాటున రెండుసార్లు పడిందనుకొని (అన్నీ లెక్కపెట్టే నేను చుక్కలు లెక్కపెట్టలేదు!) రెండోదాన్ని కొట్టేశాను. అక్క ఫోల్డరు లోపలే ఒక పరీక్ష ఫోల్డరు పెట్టుకొని, నెల దాటిన ఫైళ్లన్నీ తీసేయమన్నాను. ప్రోగ్రాము కిందికి దిగడం మాని పైకెక్కింది.

“ఏందిరా, నా ఫైళ్లు మాయమైతున్నయ్!”

“నాయిన్ల వడ్డదక్కా!”

“ఎవరి నాయిన్ల?”

నేను ఆపేసరికి శామీర్‌పేట చర్చి బృందం కోసం అక్క వాళ్ల నాయిన కట్టిన ముప్పై ఒక్క పాటలు పోయాయి. ఆగస్టులో ఆమె స్వయంగా టైపు చేసినవి. రాతపుస్తకాన్ని అప్పటికే చెదలు తినేశాయి. మరో కాపీ లేదు. క్రిస్మస్‌కు పదమూడు రోజులుంది. అక్క నన్ను తిట్టలేదు. “ఆదివారం చర్చికి రా,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన ముందు నన్ను నిలబెట్టింది.

“గీ పిలగాడేనా బిడ్డా, పాటలు తిన్నది?”

“గీ చెదపురుగే నాయినా.”

“సరె, కూసో. రాస్కో.” ఆయన పాడారు, నేను రాశాను. చరణం మరిచిపోతే మళ్లీ పల్లవికి వెళ్లి, అక్కడి నుంచి దిగేవారు. రెండోసారి దిగినప్పుడు పోయిన మాట దొరికేది. పైకి వెళ్లి క్షేమంగా తిరిగి రావడం ఎలాగో నాకు ఆ మధ్యాహ్నమే బోధపడింది. ఆ ఆదివారం పదిహేను, మరుసటి ఆదివారం పదకొండు పాటలు వచ్చాయి. మిగిలినవి ఎంతకూ రాలేదు.

“గవి అంత మంచిగ లేకుండె తియ్,” అన్నారాయన. నేను హాయిగా నమ్మి, “నాణ్యత లేనివి: 5” అని డైరీలో రాసుకున్నాను. ఆ మాట ఆయన నా మొహం చూసి జాలితో అన్నదని గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పదాలు కొట్టేశాను. అంకె మాత్రం ఉంచాను.

పోయినవి: ఐదు పాటలు. మిగిలినవి: ఇరవై ఆరు పాటలు, మళ్లీ ఎన్నడూ తొలగించని ఒక తనిఖీ లైను, సాఫ్ అనే పేరు.