కలిపేయండి మేడమ్

ఫోన్లో వచ్చే సీరియల్ నవలల మీద పరిశోధన చేస్తున్నానంటే మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికీ నవ్వుతారు. ప్రబంధాలు చెప్పే సహోద్యోగి ఒకాయన, "అవి చదవడానికి కూడా పిహెచ్‌డి కావాలా అండీ?" అని అడుగుతాడు. వాళ్ళావిడ రోజూ చదివేది వాటినేనని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నూజివీడు బస్సుల్లోనూ, మామిడికాయలు గ్రేడింగ్ చేసే షెడ్లలో మధ్యాహ్నం అన్నాలయ్యాక కాసేపు నడుం వాల్చే ఆడవాళ్ళ చేతుల్లోనూ ఉండేవి ఆ నవలలే. జనం చదివేవాటిని చీపురుతో ఊడ్చేసి, జనానికి సాహిత్యాభిమానం పోయిందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ నవలల్లో ఏ రకానికి ఆ రకం కట్టుబాట్లుంటాయి. క్రైమ్ కథలో హంతకుడు దొరకాలి. దెయ్యం కథలో దెయ్యానికి ఒక అన్యాయం జరిగి ఉండాలి. కుటుంబ కథలో విడిపోయిన భార్యాభర్తలు కలవాలి. రాసేవాళ్ళు మరిచిపోయినా చదివేవాళ్ళు మరవనివ్వరు. ప్రతి భాగం కిందా కామెంట్లలో "కలిపేయండి మేడమ్" అని వెంటపడతారు. ఆ కలయిక పాఠకురాలికి ఒక ఓదార్పు అని నేనొక సెమినార్ వ్యాసం రాస్తున్నాను. ఆ రోజుల్లోనే మా వదిన, తనూ ఒక సీరియల్ రాస్తున్నానని చెప్పింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ముసునూరు దాటాక మామిడి తోటలో వాళ్ళ ఇల్లు. తను రాస్తుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక యాప్‌లో మారుపేరుతో వస్తున్న ఆ కథ నాలుగు భాగాలు చదివేసరికి అందులో అమ్మాయి ఎవరో నాకు అర్థమైపోయింది. అది వదిన చెల్లెలు.

ఆ పిల్లని మొగుడు కొట్టేవాడు. తట్టుకోలేక ఉంగుటూరులో పుట్టింటికి వచ్చేసింది. పెద్దవాళ్ళు నలుగురూ అరుగు మీద కూర్చుని, కాపురమన్నాక సవాలక్ష ఉంటాయని చెప్పి, ఇద్దర్నీ కలిపేశారు. ఏడాది తిరక్కుండానే పోయిందని కబురొచ్చింది. ఎలా పోయిందంటే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. వదిన మాత్రం ఏమీ చెప్పదు.

"నా కథలో అది వెనక్కి వెళ్ళదు. అంతే. అందుకోసమే రాస్తున్నా," అంది నాతో.

సీరియల్‌కి చదివేవాళ్ళు పెరిగారు. యాప్ వాళ్ళు అగ్రిమెంట్ పంపితే వదిన ఫోన్లోనే ఒప్పుకుంది. అప్పుడు తెలిసింది అన్నయ్యకి. "తోట బేరం లాంటిదేగా," అని తెగ సంబరపడ్డాడు.

అన్నయ్య మాట నిజమే. మావైపు తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేస్తారు. ఇక కాపు దిగేదాకా చెట్లు మనవైనా కాయ మనది కాదు. చేతికందే కాయనైనా కాపలావాణ్ణి అడగకుండా కోయకూడదు. అందుకే బేరమప్పుడే ఇంటి వాడకానికి ఒకటో రెండో చెట్లు మినహాయించుకుంటారు. వ్యాపారి వరండాలో కాఫీ తాగుతుంటే వదిన ఏ ఏడూ మరవకుండా గుమ్మం దగ్గరికొచ్చి, "పెరట్లో రసం చెట్టూ, బావి దగ్గర కొబ్బరి మామిడీ మావేనండీ," అని గుర్తుచేస్తుంది. ఎంత గట్టి వ్యాపారైనా ఆ మాటకి అడ్డు చెప్పడు.

కథలో అమ్మాయి విజయవాడలో గది తీసుకుని ఉద్యోగంలో చేరింది. ఇక ముగిద్దామనుకుంటుండగా యాప్ నుంచి ఫోను వచ్చింది. కలిపితేనే జనానికి తృప్తి అన్నారు. వదిన కుదరదంది. వాళ్ళు బతిమాలలేదు, పోట్లాడలేదు. మిగతా భాగాలు ఇంకెవరిచేతో రాయించారు. అగ్రిమెంట్ ప్రకారం కథా వాళ్ళదే, అమ్మాయీ వాళ్ళదే. పైన పేరు మాత్రం వదిన పెట్టుకున్న మారుపేరే ఉంచారు.

నేను ఊరుకోలేక వాళ్ళకి ఫోన్ చేశాను. నోటికొచ్చినట్టు దులిపేద్దామనే చేశాను. అవతలి కుర్రాడు ఎంతో మర్యాదగా, "జానర్‌కి తగ్గట్టు ముగించాలి కదా మేడమ్. వీటి మీద పరిశోధన చేస్తున్నారంటున్నారు, మీకు తెలియందేముంది?" అన్నాడు. నా వ్యాసం రెండో పేజీలో అచ్చం ఆ మాటే ఉంది. నేనే ఫోన్ పెట్టేశాను.

మొన్న ఎండాకాలంలో ఆవకాయ రోజున వెళ్ళాను. అన్నయ్య పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతున్నాడు. వదిన వరండాలో జీడి తీసి, ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని ఫోన్ ఇచ్చింది. ఆ రోజు భాగంలో ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని మొగుడింటికి వెళ్ళిపోయింది. గుమ్మంలో అత్తగారు హారతి ఇచ్చింది. కింద పువ్వులు, దండాలు, "ఏడిపించేశారు మేడమ్" అంటూ వందల కామెంట్లు. వాటి మధ్య ఇంకో పేరుతో వదిన పెట్టిన కామెంటు ఒకటి ఉంది: "ఆ అమ్మాయి వెళ్ళదండీ. వెళ్తే చంపేస్తాడు."

దాని కింద ఎవరో ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చింది: "మీకు కథ అర్థం కాలేదనుకుంటా అక్కా. ఆడది కాస్త సర్దుకుపోతే కాపురం నిలబడుతుంది." ఆ జవాబుకి బోలెడన్ని లైకులు.

నాకు కోపం కంటే ముందు భయం వేసింది. వీళ్ళందరూ నా పాఠకులు. నేను వెనకేసుకొచ్చేది వీళ్ళనే.

"ఆ రోజు మా అరుగు మీద కూర్చున్నవాళ్ళూ ఇదే అన్నారు," అంది వదిన. "వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదమ్మా. దాన్ని బండెక్కిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా."

"నువ్వు అనుకున్న ముగింపు ఏంటో నా వ్యాసంలో రాస్తాను వదినా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"నీ వ్యాసం ఎవరు చదువుతారు?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఎవరు చదివినా చదవకపోయినా, 'ఓదార్పు' అన్న మాట మాత్రం అందులో ఇక ఉంచలేను.

వదిన మళ్ళీ గుడ్డ అందుకుంది. రెండు ముక్కలు తుడిచి ఆగిపోయింది.

"ఏటా రెండు చెట్లు అడిగి మరీ ఉంచుకుంటాను చూడు. అది మాది, దాని జోలికి రావద్దని మా చెల్లెలి గురించి ఒక్క మాట అనలేకపోయాను. అరుగు మీదవాళ్ళనీ అడగలేదు, అగ్రిమెంటప్పుడు ఈ యాప్ వాళ్ళనీ అడగలేదు."