ఏలూరు రైల్లో చోటు

నేను రంగూన్‌లో పుట్టాను. మా నాన్నది కొల్లేరు పక్క పల్లెటూరు, అమ్మ బర్మా మనిషి. నాకు అమ్మ ముఖమే వచ్చింది. రంగూన్‌లో బర్మావాళ్లకీ తెలుగువాళ్లకీ గొడవలు జరిగినప్పుడు తెలుగువాడినని నన్ను వీధుల వెంట తరిమారు. ఆ మరుసటేడు, నాన్న ఊరికి వచ్చేశాక, ఏలూరులో రైలెక్కాను.

"ఏవండీ, మీదే దేశమండీ?" అన్నాడు తలపాగా చుట్టుకున్నాయన, పక్కనున్న ఖాళీ చోట్లో కాలు చాపుకుని.

"ఇక్కడేనండీ. కొల్లేరు."

పెట్టెంతా నవ్వింది. "తెలుగెక్కడ నేర్చావు?" అన్నాడాయనే. అప్పటికే అండీ పోయింది. ఇంకొకడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వీడెవడో దొంగలా ఉన్నాడు. గూడెంలో పోలీసులకి అప్పగిద్దాం."

ఇద్దరు లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. ఇంటిపేరు, నాన్న పేరు, తాత పేరు గబగబా అప్పజెప్పాను. ఎవరూ వినలేదు.

మూలనున్న ఒక ముసలమ్మ లేచి వచ్చి, నన్ను పట్టుకున్నవాడి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. తిరిగి వెళ్లి కూర్చుని, పక్కనున్న తన మూట ఒళ్లోకి తీసుకుని, "ఇలా కూర్చోండి బాబూ" అంది.

"ఆడు పరదేశి, మామ్మా!" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డవాడొకడు.

"అయితే ఏంటంట? పరదేశికి కాళ్లు నొప్పెట్టవా?"

తాడేపల్లిగూడెం వచ్చినా ఎవరూ నన్ను పోలీసులకి అప్పగించలేదు. నేను పరదేశిని కానని ఆమెకైనా చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆనాటినుంచి రైల్లో కొత్తవాళ్లెవరినీ మీదేవూరని అడగలేను. జరిగి చోటిస్తాను, అంతే.